కుట్టుకి వదిలే అంగుళం

నలభై ఎనిమిది కాదు, నలభై ఆరు. బస్సెక్కిన దగ్గరనుంచి ఆమె నోట్లో అదే మాట జపంలా తిరుగుతోంది. ఎంతగా అంటే కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే దిగే స్టాపు పేరుకి బదులు "నలభై ఆరు" అనేసింది. అతను డిపోలో ఆమె భర్తతో పాటు పనిచేసేవాడే, ఎరిగున్న మొహమే. "నలభై ఆరు టిక్కెట్లా వదినా? బస్సు మొత్తం కొనేస్తున్నావా ఏంటి?" అని నవ్వి, "మెళ్ళో ఆ టేపేంటి, దారిలో ఎవరికైనా చొక్కా కుడతావా?" అన్నాడు. తడుముకుంటే నిజమే, పసుప్పచ్చటి టేపు మెడకి రెండు పక్కలా వేలాడుతోంది. తీసి పెట్టుకోవడానికి సంచీ కూడా లేదు, పర్సూ ఫోనూ చేత పట్టుకుని చెప్పులేసుకుని వచ్చేసింది, ఆ చెప్పులైనా తనవో కూతురివో అని వంగి చూసుకుంది, తనవే, నయం. మూడూ పది. అద్దాల షాపు ఇంకా తొమ్మిది స్టాపుల అవతల. మీ కిటికీ ఫలానా రోజు నాలుగింటికి కోతకి దిగుతుందమ్మా, దిగాక ఇంక మార్పులుండవు, ఇది అద్దం కదా, గుడ్డ కాదు అంది ఆ కౌంటరావిడ. మామూలుగానే అంది పాపం, ఎత్తిపొడుపేం కాదు. ఆ రోజు తను నవ్వింది కూడా, గుడ్డో అద్దమో నాకు తెలియదా అన్నట్టు.

తెలియలేదు, అదే కదా. అరగంట క్రితం వరకూ ప్రాణం హాయిగానే ఉంది. ముందు గదిలో చాపమీద కూర్చుని, పక్కింటివాళ్ళ పిల్ల స్కూలు స్కర్టుకి నడుం కొలిచింది, ఆ పిల్ల గెంతుకుంటూ వెళ్ళిపోయింది, తను నోటుబుక్కులో అంకె వేసుకుంది, పక్కనే బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటున్న కూతురు తల తిప్పి చూసింది. కూతురి గొంతు ఎప్పుడూ సగమే బయటికొస్తుంది, స్కూల్లో హాజరు పలికితే టీచరు రెండోసారి పిలవాల్సిందేనట. ఆ సగం గొంతుతోనే, "అమ్మా, టేపు ఇరవై ఆరు కదా చూపించింది, ఇరవై ఎనిమిది రాశావేం?" అంది. "కుట్టుకి వదలద్దటే మొద్దూ" అని తను అనడానికైతే అంది గాని, అన్న నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. కుట్టుకి వదలద్దూ. ఈ పక్క అంగుళం, ఆ పక్క అంగుళం. పది రోజుల క్రితం ఇదే టేపుతో, ఇదే పెన్సిలుతో, పడకగది కిటికీ. నోటుబుక్కు వెనక్కి తిప్పితే ఉంది, ఎవరిదో గౌను కొలతలకీ ఇంకెవరిదో కోటు చేతుల కొలతలకీ మధ్యన, వెడల్పు నలభై ఎనిమిది, ఎత్తు యాభై రెండు. ఆ టేపు నలభై ఆరు దగ్గర ఆగడం తన కళ్ళకి ఇప్పటికీ కనిపిస్తోంది, అక్కడ టేపుకి ఇస్త్రీపెట్టె తగిలి కాలిన గోధుమరంగు మచ్చ ఉంది, ఆ మచ్చ సరిగ్గా కిటికీ అంచుమీదకి వచ్చింది. వచ్చింది కదా, మరి చెయ్యి నలభై ఎనిమిదని ఎందుకు రాసింది? షాపుకి మూడుసార్లు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తేవాళ్ళుంటే కదా, అక్కడ ఫ్రేములు కోసే రంపం మిషను తిరుగుతుంటే పిడుగు పడ్డా వినపడదు. చప్పుడు రాకుండా ఆపే కిటికీలు తయారయ్యేది అంత చప్పుడులో.

వదలడం ఆమెకి అత్త నేర్పిన విద్య. అత్త అంటే నాన్న చెల్లెలు, చిన్న గదిలో రెండు మిషన్లు పెట్టుకుని ఊరందరికీ కుట్టేది, పదహారేళ్ళప్పుడు తనని తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది. వదిలిన గుడ్డని రేపైనా కోసుకోవచ్చే, కోసిన గుడ్డని నీ తాత దిగొచ్చినా అతకలేడు, అనేది. ఒకసారి తను ఎవరిదో పెళ్ళికోటు భుజం దగ్గర సరికి సరి కోసేస్తే అత్త తిట్టలేదు, ఆ ముక్కని మూడు రోజులు గోడకి గుండుసూదితో గుచ్చి ఉంచింది, అంతే. ఆ మూడు రోజుల్లో చేతికి పట్టిన అలవాటు ఇరవై రెండేళ్ళయినా వదలలేదు. టేపు చెప్పిన అంకె ఎప్పుడూ రాయదు, కత్తెరకి కావలసిన అంకె రాస్తుంది, మధ్యలో కూడిక జరిగినట్టు కూడా తెలియదు, కళ్ళు చూస్తాయి, చెయ్యి కలిపేస్తుంది. బట్టలకేనా? బియ్యం కొలిచి పోసి ఇంకో గుప్పెడు వేస్తుంది, ఎవరైనా రావచ్చు కదా అని. అయిదింటి బస్సుకి నాలుగున్నరకే వెళ్ళి నించుంటుంది. కూతురి యూనిఫాం అంచు లోపలికి నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి పెడుతుంది, ఏటా ఒక వేలు విప్పుతుంది, ఆ పిల్ల స్కర్టుకి వయసు గీతలు చెట్టు మానుమీద వలయాల్లా కనిపిస్తాయి, పాపం సిగ్గుపడుతుంది. "నువ్వు అన్నిట్లో వదిలే అంగుళాలు కలిపి కుడితే ఈ ఊరికి ఒక చొక్కా అవుతుందే" అంటాడు భర్త. అనడమే గాని ఆయన పాంట్లన్నీ నడుం దగ్గర తను వదిలిన అంగుళం పుణ్యాన ఇంకా పడుతున్నాయి. మరి అన్నిచోట్లా మంచే చేసిన అంగుళం, గాలి కూడా దూరకూడదని కొనుక్కుంటున్న కిటికీ దగ్గరకొచ్చేసరికి ఇలా పగబట్టిందేం?

గాలి దూరినా పరవాలేదు, చప్పుడు దూరకూడదు. ఆయన నడిపేది రాత్రి బస్సు. సాయంత్రం ఏడింటికి వెళ్ళి పొద్దున్న ఏడింటికి వస్తాడు, కాళ్ళు కడుక్కుని ఇంత తిని ఎనిమిదికి పడుకుంటాడు, తొమ్మిదికి ఎదురుగా ఇనుప గేట్లూ షట్టర్లూ చేసే వర్క్‌షాపు తెరుస్తారు. తెరవడమే సుత్తితో తెరుస్తారేమో అనిపిస్తుంది. ఇనుపరేకుమీద పడే ఒక్కొక్క దెబ్బకీ నిద్రలో ఉన్న మనిషి కాలివేళ్ళు ముడుచుకోవడం తను గుమ్మంలో నించుని చూసింది, ఎన్నోసార్లు. ఏం చెయ్యలేదని? దళసరి తెర కుట్టింది, దానికి దుప్పటి అస్తరు వేసింది, కిటికీ రెక్కల సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది, పాత బొంతని కొలిచి సరిగ్గా కిటికీలో పట్టేలా మెత్త కుట్టి దూర్చింది. ఆ మెత్తతో గది చీకటి అయింది, ఉక్క పోసింది, చప్పుడు మాత్రం చుట్టాన్ని చూడవచ్చినట్టు తిన్నగా లోపలికే వచ్చింది. తన మిషను మూడయ్యేదాకా తొక్కడం మానేసింది, చేతికుట్టు పనులు మాత్రం పెట్టుకుంది, ఆ దెబ్బకి రెండు స్కూళ్ళ యూనిఫాం పని పోయింది, పోతే పోయింది. గేట్ల ఆయన్ని అడుగుదామని వెళితే, ఆయన చెడ్డవాడు కాదు, టీ కూడా ఇచ్చాడు, "ఇనుము బుజ్జగిస్తే వంగదు చెల్లమ్మా" అన్నాడు. నిజమే మరి, ఆయనా బతకాలి. వారానికి ఒక్కరోజు ఆ వర్క్‌షాపుకి సెలవు. ఆ ఒక్కరోజే ఈయన నిద్రపోతాడు, నిద్రంటే అలా ఇలా కాదు, బావిలో వేసిన బిందెలా అడుగుకంటా వెళ్ళిపోతాడు. ఇవాళే ఆ రోజు. అందుకే ఆయన్ని లేపకుండా, ఏవండీ ఇలా అయింది అని ఒక్క మాట చెప్పకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటాక తొడుక్కుని వచ్చింది.

బస్సు ఆగింది. స్టాపు కాదు, రోడ్డు తవ్వి పైపులు వేస్తున్నారు, ఎదురునుంచి వచ్చే బళ్ళు వెళ్ళేదాకా ఒక మనిషి ఎర్రజెండా అడ్డం పెట్టి నించున్నాడు. మూడూ ఇరవై రెండు. డ్రైవరు కుర్రాడు, స్టీరింగుమీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. ఇతనికి నిద్ర సరిపోతుందో లేదో. ఇదివరకు బస్సెక్కితే కిటికీలోంచి చూసేది, ఇప్పుడు డ్రైవరు మెడ చూస్తోంది, ఎవరి బస్సెక్కినా అంతే. పోయిన నెల ఒకరోజు ఆయన ఏడింటికి కాదు, పదింటికి వచ్చాడు. చొక్కా బొత్తాం ఒకటి ఊడి ఉంది. బొత్తాం కుట్టిపెడతావా అని ఇచ్చి, తను సూదిలో దారం ఎక్కిస్తుంటే గోడవైపు చూస్తూ చెప్పాడు, ముందు చక్రం ఫుట్‌పాత్ ఎక్కేసిందే, ఒక్క క్షణం, రెప్ప వేశాననుకున్నాను, వెయ్యడం కాదు అది, మూసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఫుట్‌పాత్‌మీద ఇంకో పావుగంటకి స్కూలు పిల్లలు నించుంటారు. అది ఆయన చెప్పలేదు, తనకి తెలుసు, ఆ దారిలో గౌన్లు ఇవ్వడానికి వెళుతుంది కాబట్టి. డిపోలో కాగితం ఇచ్చారు, ఇంకొక్కసారి జరిగితే బస్సుమీద చెయ్యి వెయ్యనివ్వం అని. ఆ మాట కూతురికి తెలియదు, ఎవరికీ తెలియదు, ఆ బొత్తాం దారం నాలుగుసార్లు బదులు పద్నాలుగుసార్లు తిప్పింది ఆ రోజు, ఇంక ఆ చొక్కా చిరిగినా బొత్తాం ఊడదు.

అప్పుడు మొదలైంది ఈ రెండద్దాల కిటికీ మాట. ఒక అద్దం కాదు రెండు, మధ్యలో వేలెడు ఖాళీ, ఆ ఖాళీలో తేమలేని గాలి, చుట్టూ జిగురుతో మూసేస్తారు, బయటి చప్పుడు మొదటి అద్దం దాటి ఆ ఖాళీలోకి దిగేసరికి దానికి దమ్ము పోతుందట. అద్దాల షాపులో ఒక నమూనా కిటికీ ఉంది, కౌంటరావిడ దాన్ని మూసి చూపించింది, రోడ్డుమీద లారీ కదులుతోంది, నోరు నొక్కేసినట్టు కదులుతోంది. ఆయన దాని ముందు చిన్నపిల్లాడిలా నించుని, తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసి చూసుకున్నాడు. ధర అడిగాక ఇద్దరూ కాసేపు చెప్పుల వంక చూసుకున్నారు. ఇంట్లో అయిదు కిటికీలు, అయిదింటికీ కలిపి లక్షా ఎనభై వేలు. పోస్టాఫీసులో ఉన్నది నలభై. కూతురు నోటుబుక్కు చివరి పేజీలో పద్దు రాసింది, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి దానివి, ఒక్కొక్క కిటికీ కొట్టేస్తుంటే స్కేలు పెట్టి మరీ గీత కొట్టింది. వంటింటిది తీసెయ్, గిన్నెల మోత ముందు బయటి మోత ఎంత. స్నానాలగదిది తీసెయ్, అక్కడ ఎవరు నిద్రపోతారు. పక్కసందు కిటికీ తీసెయ్, అటు పిల్లి తప్ప ఎవరూ తిరగరు. రెండు మిగిలాయి, ముందుగదిదీ పడకగదిదీ, రెండూ వీధివైపువే. అక్కడ ఆగిపోయారు. "ముందుగదికే వేద్దామే, నేనైతే నిద్రలో వింటాను, నువ్వు మెలకువగా కూర్చుని రోజంతా వింటావు" అన్నాడాయన. ఏం మనిషి! కళ్ళకింద నల్లటి సంచులు వేలాడేసుకుని ఆ మాట అన్నాడు. "నాకు మిషను చప్పుడుండగా ఇంకో చప్పుడు వినపడదులెండి" అంది తను, అబద్ధం, సుత్తి దెబ్బ పడినప్పుడల్లా తన కుట్టు కూడా వంకర పోతుంది. కూతురు పెన్సిలు కొరుకుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవరూ చెప్పకుండానే ముందుగదిమీద గీత కొట్టేసింది. పడకగది ఒక్కటే. ముప్పై ఎనిమిది వేల అయిదువందలు.

అది మామూలు మందం అద్దాలకి. బయటివైపు దళసరిది వేస్తే సుత్తి చప్పుడు ఇంకా చస్తుందట, దానికి మూడు వేలు ఎక్కువ. నలభై దాటి పదిహేను వందలు పోయింది. పోతే, కౌంటరావిడ వేళ్ళమీద లెక్క చెబుతోంది, అద్దం ఇంత, ఫ్రేము ఇంత, బిగింపు ఇంత, మా మనిషి వచ్చి కొలత తీసుకున్నందుకు పదిహేను వందలు. అక్కడ పట్టుకుంది తను. కొలతకి డబ్బులా? నాకా? ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో తను కొలవని నడుం లేదు, వీధిలో పిల్లలు తనని కొలతత్త అని పిలుస్తారు, ఆ పేరు తనకి బహు ఇష్టం. "మీ మనిషి టేపుకీ నా టేపుకీ అంగుళాలు వేరే ఉంటాయా ఏమమ్మా? నేనే కొలిచి తెస్తాను, ఆ డబ్బు దళసరి అద్దంలో వెయ్యండి" అంది, అందరూ వినేలా అంది, ఆయన గర్వంగా ఆమె వంక చూశాడు కూడా. ఆవిడ రెండుసార్లు చెప్పింది, మా మనిషి కొలిస్తే తప్పు మాది, మీరు కొలిస్తే తప్పు మీది, కాగితంమీద సంతకం పెట్టాలి అని. పెట్టింది. ఇంత వంకీ తిప్పి పెట్టింది. సగం డబ్బు కట్టేశారు, మిగతా సగం బిగించే రోజు. ఆ కిటికీ తయారై వచ్చి, నలుగురూ పట్టుకుని గోడలో పెడదామంటే పట్టదు. రెండంగుళాలు. కోసి తగ్గించడానికి వీల్లేదు, జిగురుతో మూసిన అద్దాన్ని మళ్ళీ ముట్టుకుంటే అది ఒట్టి రెండు గాజుపలకలు. ఇంటి ముందు గోడకి ఆనించి పెట్టుకోవాలి, అత్త గుండుసూదితో గుచ్చిన కోటుముక్కలా, మూడు రోజులు కాదు, బతికినంతకాలం. అంత డబ్బు మళ్ళీ పోగవడానికి నాలుగేళ్ళు పడుతుంది. ఆయన పోనీలేవే అంటాడు. ఆ పోనీలేవే అన్న మనిషి నాలుగేళ్ళు ఎలా మెలకువగా నడుపుతాడు?

ఎర్రజెండా దిగింది, బస్సు కదిలింది. సరే, నలభై ఆరు చెప్పాలి, ఎత్తు యాభై చెప్పాలి. చెప్పాలా? ఎత్తు తను చదవలేదు. ఆ రోజు తను కింద టేపు కొస పట్టుకుంది, స్టూలెక్కి పైన చదివింది కూతురు. సగం గొంతుతో ఏదో అంది. యాభై రెండు అందా, యాభై అందా? అది యాభై రెండు అని ఉంటే, వేరేవాళ్ళు చెప్పిన అంకె కదా, అలాగే దించుకుని ఉంటుంది. అది యాభై అని ఉంటే తన చెయ్యి రెండు కలిపి ఉంటుంది. కలిపిందా? చేతిని అడిగితే చేతికి ఏం తెలుసు. గుర్తు చేసుకోబోతే ఆ రోజు ఎండ గుర్తొస్తోంది, కిటికీ చువ్వల నీడలు పిల్ల గౌనుమీద పడటం గుర్తొస్తోంది, స్టూలు ఒక కాలు పొట్టిదని దానికింద పాత పుస్తకం పెట్టడం గుర్తొస్తోంది, అంకె ఒక్కటి రావడం లేదు. యాభై అని చెప్పి కోయిస్తే, అది నిజంగా యాభై రెండు అయ్యుంటే? అప్పుడు పైన రెండంగుళాల సందు. అప్పుడు అతకాలి. నీ తాత దిగొచ్చినా. మూడూ నలభై. చెమటకి టేపు మెడకి అంటుకుపోయింది.

స్టాపు వచ్చేలోపే మెట్టుమీద నించుంది. "వదినా, జాగ్రత్త, ఆగనీ" అని కండక్టరు అరుస్తున్నా దూకింది, రోడ్డు దాటింది, అద్దాల షాపు తలుపు తోసేసరికి మూడూ యాభై ఒకటి. లోపల మోత. కౌంటరు వెనక పెద్ద అద్దం గోడ, దాని అవతల కోత షెడ్డు, అక్కడ రంపం మిషను తెల్లటి ఫ్రేము ముక్కల్ని కోస్తోంది, నలుగురైదుగురు గిరాకీలు బల్లమీద కూర్చున్నారు. ఇంతవరకూ బస్సులో దారంతా కూడగట్టుకున్న మాటలు, మేడం నమస్తే, చిన్న పొరపాటు, ఇలా జరిగింది, అన్నీ ఎగిరిపోయాయి. "నా కిటికీ కొయ్యకండి!" అంది, ఎవరో పిల్లని కొడుతుంటే అడ్డం వచ్చినట్టు. బల్లమీదవాళ్ళు తలలెత్తారు. కౌంటరావిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎవరి కిటికీ అమ్మా?" అంది.

"నాదే. కొలతలు నేనే తెచ్చాను. తప్పు తెచ్చాను."

చెప్పేసింది. తర్వాత మిగతాది దానంతటదే వచ్చింది, నేను టైలర్నండీ, కుట్టుకి వదిలేశాను. "కిటికీకి కుట్టేంటి తల్లీ?" అని బల్లమీద ఒకాయన పకపకా నవ్వాడు. కౌంటరావిడ నవ్వలేదు, కాగితాల కట్టలోంచి ఆమెది తీసింది, ఆ వంకీ తిప్పిన సంతకం పైకి కనిపిస్తోంది. అద్దం గోడ అవతలికి చెయ్యి ఊపితే, చెవులకి దూదిలాంటివి పెట్టుకున్న పెద్దాయన ఒకరు, అద్దాలు కోసే మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. విషయం విని ఆయన కూడా నవ్వలేదు, ఆశ్చర్యంగా చూశాడు. "మీరు కలుపుతారా? మేం తీసేస్తాం. గోడలో ఖాళీ ఎంతుంటే దానికంటే పావంగుళం తక్కువే కోస్తాం, బిగించాక ఎండకి ఉబ్బుతుంది కదా" అన్నాడు, ఇంకో ఊరి మనిషి కలిస్తే మీ ఊళ్ళో వానలెలా అని అడిగినట్టు. "మంచిపని చేశావు, తరవాత కోతకి వచ్చేది నీదే. చెప్పు, అసలు కొలత ఎంత?"

"వెడల్పు నలభై ఆరు. ఎత్తు..." అని ఆగింది. "ఎత్తు యాభై రెండో, యాభయ్యో."

"ఇదో అదో అని రెండు చెబితే ఏది కొయ్యాలమ్మా?" అంది కౌంటరావిడ. "మా మనిషి వెళ్ళి కొలిచి రావాలంటే పదిహేను వందలు కట్టాలి, ఇవాళ్టి వరస పోతుంది, మళ్ళీ నెల. ఆలోచించుకో."

పదిహేను వందలంటే దళసరి అద్దం పోయినట్టే. నెలంటే ముప్పై రాత్రులు. "ఇంట్లో పిల్ల ఉందండీ, ఫోను చేస్తాను" అంది. ముందుగదిలో పాత సెల్‌ఫోను ఉంది, దాని గంట చాలా పెద్దది, ఆయన నిద్ర. ఒక్క రింగుకే ఎత్తు తల్లీ, ఒక్క రింగుకే. సగం రింగుకే ఎత్తింది, దానిమీదే చెయ్యి వేసుకుని కూర్చున్నట్టుంది. "అమ్మా, కోసేశారా?" అంది.

"లేదు. నాన్న లేచారా?"

"లేదు. గురక."

"కిటికీ మళ్ళీ కొలవాలమ్మా. చప్పుడు చెయ్యకుండా. టేపు..." టేపు తన మెళ్ళోనే ఉంది. "గజంబద్ద తీసుకో, కోటు గుడ్డల వెనక ఉంటుంది. సుద్దముక్క కూడా."

మేస్త్రి వేలెత్తాడు. "పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి తియ్యమను. పాత గోడలు పైనొకలా కిందొకలా ఉంటాయి. ఎత్తు కూడా అంతే, మూడు." ఆరు కొలతలు. మంచం సరిగ్గా ఆ కిటికీ కిందే ఉంది, ఆయన తల అటే. ఆ సంగతి ఆమె ఎవరికి చెప్పిందో తెలియదు, గాల్లోకే అంది, రాత్రి బస్సు నడుపుతారండీ, వారానికి ఇవాళ ఒక్కరోజే నిద్ర. ఫోనులో తలుపు కిర్రుమన్న చప్పుడు, తర్వాత పిల్ల ఊపిరి, తర్వాత ఏదో అంది. సగం గొంతు కాదు, పావు గొంతు. వినపడలేదు. "ఏంటమ్మా? ఏంటీ?" రంపం మిషను మోతలో తన గొంతే తనకి వినపడటం లేదు, గట్టిగా అడిగితే ఆ అరుపు ఫోనులోంచి ఆ గదిలో పడుతుంది, పిల్లని గట్టిగా చెప్పమంటే అంతకంటే నష్టం. ఆమె ఫోను చెవికి అదుముకుని, రెండో చెవి మూసుకుని, కళ్ళు కూడా మూసుకుంది.

మోత ఆగిపోయింది.

కళ్ళు తెరిస్తే మేస్త్రి అద్దం గోడ అవతల స్విచ్చు దగ్గర ఉన్నాడు, మిషనులో ఉన్న ఫ్రేము సగం కోసి ఆగి ఉంది. నవ్విన గిరాకీ పక్కవాడితో ఏదో చెప్పబోతే ఆ పక్కవాడు పెదవులమీద వేలు పెట్టాడు. ఇప్పుడు వినిపిస్తోంది. ముందు ఆయన గురక, లోతుగా, ఎక్కడో అడుగునుంచి. దానిమీద పిల్ల గుసగుస. "వెడల్పు కింద, గజం అయ్యాక గీత పెట్టాను, మీద పది. నలభై ఆరు." ఆమె వేళ్ళు చూపించింది, కౌంటరావిడ రాసుకుంది. "మధ్యలో నలభై ఆరు. పైకి అందట్లేదమ్మా. మంచం పట్టె ఎక్కుతున్నాను." పట్టె కీచుమంది. గురక తెగింది. చాలాసేపు ఏమీ లేదు, చేతిగడియారం ముల్లు నడుస్తున్నది తెలుస్తోంది. తర్వాత ఆయన ఏదో గొణిగి అటు తిరిగినట్టు దుప్పటి సర్దుకున్న చప్పుడు, మళ్ళీ గురక, బల్లమీద కూర్చున్న ఒక పెద్దాయన గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "పైన నలభై ఆరుకి ఒక్క నూలు తక్కువ." మేస్త్రి పరవాలేదన్నట్టు తల పంకించాడు, నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వాళ్ళు తగ్గించే పావంగుళంలో కలిసిపోతుంది. "ఎత్తు యాభై. యాభై. ఇటు కూడా యాభయ్యే."

అంటే దాని నోటినుంచి వచ్చిన అంకెకి కూడా తను కలిపేసింది. కౌంటరావిడ కొత్త కాగితం ముందుకు జరిపి, మీరే రాయండి అని కళ్ళతో చెప్పింది. ఆమె పెన్ను పట్టుకుంది. నాలుగు వేసింది. పక్కన ఎనిమిది గీయడానికి వేళ్ళు వాటంతట అవే వంగాయి, ఇరవై రెండేళ్ళ వేళ్ళు, వాటిని ఎడంచేత్తో పట్టుకుని, మొదటిసారి అక్షరాలు దిద్దుతున్నట్టు, ఆరు రాసింది. అయిదు, సున్నా. ఎక్కడా ఏమీ వదల్లేదు. సంతకం పెట్టింది.

మేస్త్రి కాగితం అందుకుని అద్దం గోడ అవతలికి నడిచాడు, స్విచ్చుమీద చెయ్యి వేసి ఆగి, అక్కడెవరూ నిద్రపోవడం లేదు గాని, గొంతు బాగా తగ్గించి, "ఇంక వెయ్యనా అమ్మా?" అన్నాడు.

ఆమె చెయ్యెత్తింది. "ఆగండి బాబాయ్, పిల్ల ఇంకా మంచం దిగలేదు."

అందరూ ఆగారు. ఫోనులో పట్టె ఒకసారి మెల్లగా మూలిగింది, చిన్న అడుగులు, తలుపు కిర్రు.

"దిగానమ్మా" అంది కూతురు.